.32 రివాల్వర్‌కు ఆత్మరక్షణ తూటా: గుండు ముక్కు చూడాలా, తూటా వయసు చూడాలా?

మిర్యాలగూడ మిల్లు యజమాని:

మాది రైసు మిల్లు. వరికోతల కాలంలో రైతులకు ఇవ్వవలసిన నగదు ఒక్కోసారి రాత్రంతా ఇంట్లోనే ఉంచవలసి వస్తుంది కాబట్టి, 2013లో లైసెన్సు తీసుకుని కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారంలో తయారైన .32 రివాల్వర్ కొన్నాను. అప్పుడు కొన్న 24 తూటాల్లో ఒక్కటి కూడా కాల్చలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించి రావడం, కోడ్ ముగిశాక తెచ్చుకోవడం తప్ప అది బీరువా దాటింది లేదు. ఈమధ్య ఒక మిత్రుడు ఆ తూటాలు చూసి, గుండ్రని ముక్కు ఉన్న సీసపు గుండుకు ఎదుటివాణ్ణి ఆపే శక్తి లేదనీ, చదును ముక్కు గుండో, ముక్కులో గుంట ఉండే హాలో పాయింట్ గుండో లేకపోతే ఆ రివాల్వర్ ఉన్నా లేనట్టేననీ అన్నారు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఏది సరైనదో తెలిసినవారు చెప్పగలరు.

కోదాడ షూటర్:

మీ మిత్రుని మాటలో సగం నిజముంది. .32 రివాల్వర్ తూటాలో సుమారు 6.35 గ్రాముల గుండు సెకనుకు 215 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. దాని శక్తి 150 జౌళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. పోలీసులు వాడే 9 మి.మీ. పిస్టల్ గుండు శక్తి దీనికి మూడు రెట్లు. ఇంత తక్కువ శక్తి ఉన్నప్పుడు గుండు ఆకారమే దిక్కు. గుండ్రని ముక్కు కండను పక్కకు తోసుకుంటూ జారిపోతుంది, చదును ముక్కు కోసుకుంటూ వెళ్తుంది. కాగితపు టార్గెట్ మీద చూసినా ఇది కనిపిస్తుంది: మొదటిది చిరుగు అంచుల చిన్న బెజ్జం చేస్తే, వాడ్‌కటర్ అనే చదును గుండు పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు శుభ్రమైన వృత్తం కోస్తుంది. ఈ తేడా కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. స్మిత్ అండ్ వెసన్ సంస్థ తెచ్చిన ఈ తూటానే కోల్ట్ సంస్థ చదును ముక్కు గుండుతో 'కోల్ట్ న్యూ పోలీస్' పేరిట అమ్మింది.

హాలో పాయింట్ విషయంలో మాత్రం మీ మిత్రునితో ఏకీభవించను. ఆ గుంట విచ్చుకోవాలంటే వేగం కావాలి. పొట్టి గొట్టం నుంచి ఈ వేగంతో వెళ్లే గుండు చాలాసార్లు విచ్చుకోకుండా మామూలు గుండులాగే పోతుంది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, మనిషి కండకు బదులుగా పరీక్షకు వాడే జెలటిన్ దిమ్మలో గుండు కనీసం 12 అంగుళాలు, గరిష్ఠంగా 18 అంగుళాలు దిగాలని కొలత పెట్టుకుంది. .32 గుండు విచ్చుకుంటే లోతు తగ్గుతుంది, విచ్చుకోకపోతే పెట్టిన డబ్బు వృథా. కాబట్టి నా ఓటు చదును ముక్కుకే.

దేవరకొండ మాజీ సైనికుడు (ఆయుధాల మరమ్మతు విభాగం):

షూటర్ గారు చెప్పిన లెక్కలు సరైనవే గానీ, అడిగినవారి ఇంట్లో ఉన్న ప్రమాదం గుండు ముక్కులో లేదు. పదేళ్లకు పైగా బీరువాలో పడి ఉన్న తూటా పేలుతుందో లేదో తేలకుండా దాని ఆకారం గురించి మాట్లాడుకోవడం, విత్తనం మొలకెత్తుతుందో లేదో చూడకుండా దిగుబడి లెక్కలు వేసుకున్నట్టు ఉంటుంది.

మిల్లు యజమాని గారూ, ముందుగా రివాల్వర్ ఖాళీ చేసి, తూటాలన్నింటినీ పగటి వెలుతురులో తెల్లగుడ్డ మీద పరచండి. ఇత్తడి గొట్టంలోకి సీసపు గుండు దిగే చోట ఉంగరంలాగా పచ్చని చిలుము కనిపిస్తుందేమో చూడండి. తోలు బెల్టులోనో, తోలు సంచిలోనో ఉంచినవాటికి అది త్వరగా పడుతుంది, ఎందుకంటే తోలు పదునుపెట్టడానికి వాడే రసాయనాలు ఇత్తడిని తింటాయి. చిలుము ఉందని బిందెలను తోమినట్టు చింతపండుతో తోమకండి. తడి, పులుపు లోపలికి దిగితే తుపాకి మందు పాడవుతుంది, ఇత్తడి గొట్టం బలహీనపడుతుంది. ఆ తూటాను పక్కన పెట్టడమే మార్గం. తర్వాత తూటాను వెనక్కి తిప్పి మధ్యలో ఉండే ప్రైమర్‌ను, అంటే సుత్తి దెబ్బకు మందును అంటించే చిన్న మూతను, వేలి గోరుతో తాకండి. అది అంచుకన్నా కొద్దిగా లోపలికే ఉండాలి. పైకి పొడుచుకుని ఉంటే సిలిండర్ (తూటాలు కూర్చునే గదులతో తిరిగే చక్రం) తిరగకుండా పట్టేస్తుంది. రివాల్వర్‌కు ధారాళంగా నూనె పట్టించి, ఆ నూనెలోనే తూటాలు నింపి ఉంచే అలవాటును నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ నూనె ప్రైమర్‌లోకి పాకి దాన్ని చంపేస్తుంది. రోహిణి కార్తెలో మన జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డు కింద ఉన్న ఇనుప బీరువాలో వేడి అంతకంటే ఎక్కువ. ఏళ్ల తరబడి అక్కడ ఉడికిన మందును నమ్మలేం.

పేలకపోవడం ఒక్కటే అయితే రివాల్వర్‌కు అది పెద్ద కష్టం కాదు. మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా సుత్తి కిందికి వస్తుంది. అసలు భయం సగం పేలడం. మందు బలహీనపడి 'టప్' మని చిన్న శబ్దం మాత్రమే వస్తే, గుండు రివాల్వర్ గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు. ఆ కంగారులో రెండోసారి నొక్కితే గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది, పోయేది మన చెయ్యి. షూటింగ్ రేంజ్‌లో కాలుస్తున్నప్పుడు తూటా పేలకపోతే గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలే తూటా, సిలిండర్ తిరిగిపోయాక గొట్టానికి ఎదురుగా లేని సిలిండర్ గదిలో పేలితే ఏమవుతుందో ఊహించండి.

మరొక ముఖ్య విషయం. .32 అని రాసి ఉన్న ప్రతి తూటా ఒకటి కాదు. .32 పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్ల గదుల్లో దిగుతుంది గానీ, దాని పీడనం చదరపు అంగుళానికి 20,500 పౌండ్ల వరకు వెళ్తుంది. రివాల్వర్ తూటాకు ఉండవలసింది 15,000. మధ్యలో విరిచి తెరిచే మన రివాల్వర్‌కు ఆ భారం తగదు. దొరికింది కదా అని వేయకండి.

నా సలహా ఇదే: డీలరు దగ్గర కొత్త తూటాలు, వీలైతే ఒకే బ్యాచ్‌వి కొనండి. అనుమతి ఉన్న రేంజ్‌లో కనీసం రెండు సిలిండర్లు, అంటే 12 తూటాలు, మీ చేతితో మీ రివాల్వర్‌లోనే కాల్చి చూడండి. అవన్నీ సవ్యంగా పేలి, ఖాళీ ఇత్తడి గొట్టాలు సులువుగా బయటికి వస్తే, మిగిలినవి మీ ఆత్మరక్షణ తూటాలు. ముక్కు గుండ్రంగా ఉన్నా సరే.

పాలమూరు న్యాయవాది:

తూటా ఎంపికలో చట్టం కోణాన్ని కూడా చేర్చాలి. షూటర్లకు క్రీడ కోసం వచ్చే వాడ్‌కటర్ తూటాల్లో నాలుగు ఇప్పించమని స్నేహితుణ్ణి అడగడం మన ప్రాంతంలో మామూలైపోయింది. అది నేరం. మీ లైసెన్సు మీద రాసిన రకాన్ని, రాసిన సంఖ్యకు లోబడి, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే కొనాలి. రేంజ్‌లో కాల్చినవాటి లెక్క, కొన్నవాటి రసీదు కలిసేలా దాచుకోండి.

1899 హేగ్ ప్రకటనలో విచ్చుకునే గుండ్లను నిషేధించారు కాబట్టి ఇంట్లోనూ నిషేధమేనని ఒక క్లయింటు నాతో వాదించారు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారం గుండ్ల మీద వచ్చిన ఆ ప్రకటన దేశాల మధ్య యుద్ధానికి సంబంధించినది. మీ ఇంటి గడపకు వర్తించేది భారతీయ న్యాయ సంహిత. 2024 జూలై 1 నుంచి ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడడం వంటి సందర్భాల్లో 41వ సెక్షన్ ప్రాణం తీసేవరకూ హక్కు ఇస్తుంది గానీ, అవసరానికి మించి హాని చేయరాదని, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదని 37వ సెక్షన్ దానికి హద్దు గీస్తుంది. దాడికి గురైన మనిషి ఆ క్షణంలో అంగుళాల లెక్కన కొలిచి ప్రతిఘటించలేడని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. అదే తీర్పు, ప్రతీకారానికి ఆ హక్కు పనికిరాదని కూడా చెప్పింది. కాబట్టి కోర్టులో గుండు ముక్కు కన్నా ముందు అడిగేవి ఇవి: ఎన్నిసార్లు కాల్చారు, అతను మీవైపు వస్తున్నాడా, పారిపోతున్నాడా, గుండు వెనుక నుంచి తగిలిందా.

మరొక మాట. మన ఇళ్లలో నేల షాబాద్ బండ, గోడలు రాయి, పక్క గదికి అడ్డం ఒక్కోసారి పలుచని చెక్క. బండకు తగిలిన గుండు చెదిరి ఎటు పోతుందో చెప్పలేం. ఏ తూటా కొన్నా సరే, పిల్లలు పడుకునే గది ఏ వైపు ఉందో, మీరు నిలబడే చోటు నుంచి ఆ వైపు గొట్టం తిరగవలసిన అవసరం వస్తుందో ముందే నడిచి చూసుకోండి.

కోదాడ షూటర్:

మాజీ సైనికుడు గారి క్రమాన్ని అంగీకరిస్తున్నాను. తూటా నమ్మకం ముందు, ఆకారం తర్వాత. కానీ రెండూ సమానంగా తాజావి అయి, చట్టబద్ధంగా డీలరు దగ్గరే దొరికే రోజు వస్తే నేను చదును ముక్కునే ఎన్నుకుంటాను. ఆ అభిప్రాయం మార్చుకోను.

దేవరకొండ మాజీ సైనికుడు:

ఆ రోజు వచ్చినా చీకట్లో ఒకసారి నింపి చూడండి. వాడ్‌కటర్‌లో గుండు ఇత్తడి అంచుతో సమంగా ముగుస్తుంది, దాని మొండి అంచు గది నోటి దగ్గర తట్టుకుంటుంది. గుండ్రని ముక్కు దానంతట అదే దారి వెతుక్కుని దిగుతుంది. అరవై దాటిన వేళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

మిర్యాలగూడ మిల్లు యజమాని:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. చెప్పినట్టే తూటాలను తెల్లగుడ్డ మీద పరిచాను. 24లో 11 తూటాలకు గుండు మొదట్లో పచ్చని ఉంగరం ఉంది. అన్నీ తోలు పౌచ్‌లో ఉన్నవే. రెండింటి ప్రైమర్ చుట్టూ నూనె మరక కనిపించింది. పాతవన్నీ డీలరుకు అప్పగించి రసీదు తీసుకున్నాను. గుండ్రని ముక్కువే కొత్తవి 25 కొని, అనుమతి తీసుకుని రేంజ్‌లో 12 కాల్చాను. పన్నెండూ పేలాయి. మొదటి ఆరింటిలో నాలుగు టార్గెట్ దాటి పక్కకు పోయాయి, పది మీటర్ల దూరంలోనే. నన్ను నేను కాపాడుకోగలనన్న నమ్మకంతో ఇన్నేళ్లు ఆ బీరువాకు తాళం వేసుకుని నిద్రపోయాను. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. రేంజ్‌లో చేతి పట్టు ఎలా దిద్దుకోవాలో వివరంగా రాయమని మాజీ సైనికుడు గారిని కోరుతున్నాను.