ఆరుబయట గంజాయి సాగు, దాని మీదే బతకడం కుదిరే పనేనా?

గట్టుమీద_గాలి:
ముందే చెప్తున్నా, దొంగచాటుగా కొండల్లో వేసే సంగతి కాదు. చట్టం ఒప్పుకునే చోట, లైసెన్స్ తీసుకుని, షెడ్డూ లైట్లూ ఏమీ లేకుండా మామూలు పొలంలో ఎండకి పండించే గంజాయి గురించి అడుగుతున్నా. నేనుండేది అలాంటి చోటే. ఒక ఫ్రెండ్ లీజుకి పొలం చూశాడు, నీళ్లున్నాయి, సగం నువ్వు పెట్టు సగం నేను పెడతా, ఉద్యోగాలు మానేసి దిగిపోదాం అని వెంటపడుతున్నాడు. వాడనేది ఏంటంటే లోపల పండించేవాళ్లని లైట్లూ ఏసీల కరెంటు బిల్లే తినేస్తుంది, మనకి ఎండ ఫ్రీ, పైగా బయట మొక్క చెట్టంత అవుతుంది కాబట్టి ఒక్కో మొక్క నుంచి వచ్చే సరుకు కూడా ఎన్నో రెట్లు ఎక్కువ, ఇంక నష్టం ఎలా వస్తుంది అని. వాడు వేసిన లెక్కల్లో ఎక్కడా ఎర్ర అంకె లేదు, నాకు భయం అక్కడే మొదలైంది. ఈ లైన్‌లో పని చేసినవాళ్లు, దగ్గర్నుంచి చూసినవాళ్లు ఉంటే చెప్పండి, రిస్క్ ఎంత, మిగిలేది ఎంత. నీతులు వద్దు ప్లీజ్, అవి ఇంట్లో వింటున్నా.

ముసురు_రాత్రి:
లైసెన్స్ ఉన్న ఫామ్‌లో కోత సీజన్లు పని చేశా బ్రో, అందుకే చెప్తున్నా. మీ ఫ్రెండ్ చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఎండ ఫ్రీనే. కానీ ఎండతో పాటు వాన, గాలి, పురుగు, పక్కోడి పుప్పొడి ఇవన్నీ కూడా ఫ్రీగానే వస్తాయి.

ఈ మొక్కకి రాత్రి పొడుగు పెరిగితేనే పూత వస్తుంది. ఉత్తరార్ధగోళంలో అయితే ఎండాకాలమంతా పెరిగి, ఆగస్టులో పూతకి తిరిగి, సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ లోపు కోతకొస్తుంది. చాలా చోట్ల సరిగ్గా అప్పుడే వానలు, మంచు మొదలవుతాయి. బడ్స్ (కోసి అమ్మే పువ్వు గుత్తులు) ఎంత గట్టిగా, ఎంత లావుగా ఉంటే అంత రేటు కదా, ఆ లావు బడ్ లోపలే తేమ ఆగి బొట్రైటిస్ అనే బూడిదరంగు బూజు పడుతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, ఒక ఆకు ఎండినట్టుంటే లాగి చూస్తే లోపలంతా కుళ్లిపోయి ఉంటుంది. గొంగళిపురుగు బడ్‌లోకి దూరి తిని వదిలిన రెట్ట దగ్గర కూడా ఇదే కుళ్లు మొదలవుతుంది. రెండు మూడు రోజులు వదలకుండా ముసురు పడితే ఇక మొత్తం మనుషుల్ని దింపి, పండినా పండకపోయినా కోసెయ్యడమే. తొందరగా కోస్తే బరువు తక్కువ, ఆగితే బూజు. ఈ రెండిట్లో ఏది అని తేల్చుకోవడమే సీజన్ మొత్తానికి అసలు పని, మిగతాది మామూలు వ్యవసాయమే.

లోపల పండించేవాడికి ఏడాదికి నాలుగైదు పంటలొస్తాయి, ఒకటి పోతే ఇంకోటి. మీకు పెద్ద పంట ఏడాదికి ఒక్కటే. టార్పాలిన్ కప్పి చీకటి చేసి ముందే పూత తెప్పించే పద్ధతి ఉంది, రాత్రి పొడుగుతో పని లేకుండా వాటంతటవే పూసే ఆటోఫ్లవర్ రకాలున్నాయి, వాటితో ఇంకో కోత లాగొచ్చు కానీ అది ఇంకో ఖర్చు, ఇంకొంతమంది కూలీలు.

ఇంకోటి, కోసినప్పటి బరువు చూసి మురిసిపోవద్దు, అందులో ముప్పావు వంతు నీళ్లే. ఎండలో పడేసి ఆరబెట్టే సరుకు కూడా కాదు ఇది, చీకటి గదిలో, చల్లగా, తేమ కొలుచుకుంటూ వేలాడదీసి ఓ రెండు వారాలు మెల్లగా ఆరబెట్టాలి. పొలం మొత్తం ఒకేసారి కోతకొస్తే అంత సరుకూ వేలాడదీసే చోటు ఎక్కడుంది అని మీ ఫ్రెండ్‌ని అడగండి. పండించడం వచ్చినవాళ్లు కూడా ఆరబెట్టే గది దగ్గర దెబ్బతింటారు, బయట బూజు తప్పించుకున్న పంటకి లోపల బూజు పట్టడం నేను చూశా.

రేటు_ఎంతండి:
పైన ఆయన చెప్పినవన్నీ కరెక్టే కానీ పంట బాగా పండితేనే అసలు ప్రమాదం అని నా అభిప్రాయం, నవ్వకండి. మీకు పండిందంటే అందరికీ పండినట్టే, ఆరుబయట వేసేవాళ్లందరి సరుకూ ఒకే నెలలో మార్కెట్లో పడుతుంది, ఆ నెలలో రేటు ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాలిఫోర్నియా చూడండి. హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ, ఈ మూడు కౌంటీలనీ ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు, 70ల నుంచి కొండల్లో చిన్న చిన్న కమతాల్లో ఇదే పంట. 1983 నుంచి కాంప్ అనే కార్యక్రమం పెట్టి ప్రభుత్వం హెలికాప్టర్లు పంపి తోటలు పీకించింది, జైళ్లకి పంపింది, అయినా జనం వదల్లేదు, ఎందుకంటే పౌండు వేల డాలర్లు పలికేది. ఆ రేటు మొక్క గొప్పదనం వల్ల కాదు. దొరికితే జైలు అనే భయానికి కట్టిన రేటు అది. 2016లో గంజాయిని చట్టబద్ధం చేసే ప్రాప్ 64 జనం ఓట్లతో గెలిచింది, 2018 జనవరి నుంచి షాపుల్లో అమ్మకాలు మొదలయ్యాయి, భయం పోయింది, భయంతో పాటే రేటూ పోయింది. చిన్న రైతుని కాపాడతాం, మొదటి అయిదేళ్లు పెద్ద తోటలకి లైసెన్సులివ్వం అన్నారు కదా, తీరా రూల్స్ రాసేటప్పుడు ఒకే కంపెనీ చిన్న లైసెన్సులు ఎన్నయినా తీసుకోవచ్చు అని వదిలేశారు. వంద చిన్న లైసెన్సులు పక్కపక్కన పెడితే అది పెద్ద తోట కాక ఇంకేంటి?

దాని మీద టాక్సు. అక్కడ సాగు పన్ను అమ్మిన ధర మీద కాదు, బరువు మీద వేశారు. 2022లో ఔన్సుకి 10.08 డాలర్లు, అంటే పౌండుకి 161 డాలర్లు. పౌండు వెయ్యికి పైన అమ్మినప్పుడు అది నడుస్తుంది. ఆరుబయట సరుకు కొన్ని వందలకి దిగిపోయాక కూడా అదే 161 కట్టాలంటే రైతు ఏం తింటాడు. 2022 జులై 1 నుంచి తీసేశారు కానీ అప్పటికే చాలామంది పొలాలు పడావు పెట్టేసి వెళ్లిపోయారు. అరెస్టులకి తట్టుకుని దశాబ్దాలు నిలబడ్డవాళ్లని లైసెన్స్ ఫీజులు, నీటి పర్మిట్లు, రేటు కలిసి నాలుగైదేళ్లలో పంపించేశాయి.

ఒరెగాన్‌లో ఇంకా ఘోరం, 2019లో వాళ్ల సొంత రెగ్యులేటరే లెక్కేసి చెప్పింది, జనం కొనేదానికి రెట్టింపు పండుతోందని. పక్క రాష్ట్రానికి పంపుదామంటే ఫెడరల్ నేరం. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో ఒక్కసారిగా గేట్లెత్తేసింది, అందరూ వేశారు, రేట్లు కూలాయి, 2025 జూన్‌లో మళ్లీ ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలని బిగించేశారు. మీరు అయిదేళ్ల లీజు రాస్తే ఆ అయిదేళ్లలో రూల్స్ ఎన్నిసార్లు మారతాయో ఎవడూ హామీ ఇవ్వడు.

టమాటా_బాధితుడు:
టమాటా రోడ్డు మీద పారబోస్తే కనీసం పశువులైనా తింటాయి. ఇది పారబోయాలన్నా అధికారికి చెప్పి, తూకం వేసి, పనికిరాకుండా కలిపేసి, రికార్డు రాయాలి 😂

గట్టుమీద_గాలి:
@రేటు_ఎంతండి అన్నా ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్, ఇదే మా వాడికి ఫార్వర్డ్ చేశా. వాడి రిప్లై ఏంటంటే అయితే హెంప్ వేద్దాం, లైసెన్స్ ఈజీ, సీబీడీ (మొక్కలో ఉండే మత్తు ఇవ్వని పదార్థం) ఆయిల్‌కి అమ్ముదాం అని. దాంట్లో రిస్క్ తక్కువేనా?

ముసురు_రాత్రి:
హెంప్ కూడా అదే మొక్క బ్రో, మత్తు ఇచ్చే టీహెచ్‌సీ తక్కువుండాలి అంతే. అమెరికాలో 2018 ఫార్మ్ బిల్లు ప్రకారం 0.3 శాతం. కోతకి ముందు శాంపిల్ తీసుకెళ్తారు, దాటితే దాన్ని హాట్ క్రాప్ అంటారు, అంటే నాశనం చెయ్యాలి, లేదా పువ్వు తీసేసో మొత్తం నలగ్గొట్టో మళ్లీ టెస్ట్ పాసవ్వాలి. గమ్మత్తు ఏంటంటే సీబీడీ పెరిగేకొద్దీ టీహెచ్‌సీ కూడా దాంతోపాటే పెరుగుతుంది, ఇంకో వారం ఆగితే దిగుబడి బాగుంటుంది అనుకునే ఆ వారంలోనే గీత దాటేస్తుంది. 2019లో అక్కడ రైతులు ఎగబడి వేశారు, కొనేవాడు లేక షెడ్లలోనే పడి ఉంది చాలామంది సరుకు.

పైగా ఇది గాలితో పరాగసంపర్కం జరిగే మొక్క, పుప్పొడి కిలోమీటర్ల దూరం పోతుంది. చుట్టుపక్కల ఎవరైనా గింజకో నారకో హెంప్ వేస్తే వాళ్ల మగ మొక్కల పుప్పొడి వచ్చి మీ ఆడ మొక్కల బడ్స్ నిండా గింజలు పట్టిస్తుంది. గింజ పట్టిన బడ్‌ని పువ్వుగా ఎవడూ కొనడు. దీని మీద పక్కపక్క పొలాలవాళ్లు కోర్టులకెక్కిన సందర్భాలున్నాయి.

వీసా_గోల:
ఎవరూ అడగలేదు కాబట్టి నేనడుగుతా. @గట్టుమీద_గాలి నువ్వు ఉండేది ఏ స్టేటస్ మీద? అమెరికా అయితే మాత్రం పొలం సంగతి తర్వాత, ముందు ఇది చదువు. స్టేట్‌లో లీగల్ అయినా ఫెడరల్‌గా నేరమే కాబట్టి, లైసెన్స్ ఉన్న గంజాయి కంపెనీలో పని చేసినా సరే సిటిజన్‌షిప్ ఆపొచ్చని 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ (అక్కడి ఇమిగ్రేషన్ శాఖ) పాలసీ మాన్యువల్‌లోనే రాసేసింది. గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. సిటిజన్ అయిన ఫ్రెండ్‌కి పంట పోతే డబ్బు పోతుంది, నీకు దేశమే పోతుంది. సగం సగం పార్ట్‌నర్‌షిప్ అన్నాడు కానీ రిస్క్ సగం సగం కాదు.

టాక్సు కూడా ఫెడరల్ వైపు 280ఈ అని ఒక సెక్షన్, 1982 నాటిది, డ్రగ్స్ అమ్మేవాళ్లకి మామూలు వ్యాపార ఖర్చులు మినహాయించుకోనివ్వకుండా తెచ్చింది. గంజాయి ఫెడరల్ డ్రగ్స్ లిస్టులో షెడ్యూల్ 1 లేదా 2లో ఉన్నంతకాలం లైసెన్స్ ఉన్నవాడికీ అదే. పండించేవాడికి సాగు ఖర్చు వరకు తీసుకోనిస్తుంది కాబట్టి షాపువాడంత దెబ్బ కాదు, కానీ షాపువాడు ఆ దెబ్బకి కుంగిపోయి మీకు బాకీ ఎగ్గొడతాడు. అప్పు మీద సరుకివ్వకపోతే తీసుకోడు, ఇస్తే డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. బ్యాంకులు చాలావరకు దూరంగా ఉంటాయి. మామూలు పంటకిచ్చే ప్రభుత్వ బీమా దీనికి ఉండదు. 2020లో ఆ కాలిఫోర్నియా కొండల్లో కార్చిచ్చులు రేగినప్పుడు మంట తగలని తోటల్లో కూడా బడ్స్‌కి పొగ, బూడిద పట్టింది, ఆ నష్టం ఎవరికి చెప్పుకుంటారు?

ఇక ఇండియాలో ట్రై చేద్దామా అని ఎవరైనా అనేలోపు చెప్పేస్తా, మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 20 కింద పర్మిషన్ లేకుండా మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఉత్తరాఖండ్‌లో ఇచ్చే లైసెన్సులు టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉండే హెంప్‌కే, మీరనుకునే పంటకి కాదు. సెక్షన్ 46 ప్రకారం తన నేలలో ఎవరైనా వేశారని తెలిసీ చెప్పకపోతే ఆ నేల ఉన్నవాడికీ శిక్షే. తెలిసి కూడా కౌలుకిచ్చా నాకేం సంబంధం అంటే నడవదు.

ఎండపంట:
అందరూ కలిసి పాపం ఆయన్ని బెదరగొట్టేశారు. నేను ఇంకో వైపు చెప్తా.

ఆరుబయట పంటకి గ్రాము పండించే ఖర్చు లోపల దానితో పోలిస్తే చాలా తక్కువ, అది ఎవరూ కాదనలేరు. రేటు పడిపోయినప్పుడు ఆఖరి వరకు నిలబడగలిగేది కూడా ఖర్చు తక్కువున్నవాడే. 2021లో నేచర్ సస్టైనబిలిటీలో వచ్చిన స్టడీలో, లోపల ఒక కిలో ఎండు పువ్వు పండించడానికి ప్రాంతాన్ని బట్టి 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారాలు అని లెక్కేశారు, ఆ కరెంటంతా ఎవరో ఒకరు డబ్బు కట్టి కొనాల్సిందే కదా. నూనె తీసే కంపెనీలకి బడ్ అందంతో పని లేదు, వాళ్లకి బయట సరుకే గిట్టుబాటు. కాబట్టి నిలబడ్డవాళ్లు ఎక్కువగా విత్తనం వెయ్యకముందే కొనేవాడితో రాతపూర్వకంగా మాట్లాడుకున్నవాళ్లు, లేదా సొంత బ్రాండ్ పెట్టుకుని కొనేవాళ్లని సంపాదించుకున్నవాళ్లు. మధ్యలో ఉండి, కోశాక చూద్దాంలే అనుకున్నవాళ్లే పోయారు.

మొరాకోలో రిఫ్ కొండలు చూడండి, తరతరాలుగా అదే బతుకు. 2021లో వైద్యానికి, పరిశ్రమకి సాగు చట్టబద్ధం చేశారు, 2024 ఆగస్టులో రాజు సాగు కేసుల్లో ఇరుక్కున్న 4,800 మందికి పైగా రైతుల్ని క్షమించేశాడు. పోలీసొస్తే పారిపోవాల్సిన మనిషి తన పేరు మీద కోఆపరేటివ్‌లో సంతకం పెట్టి పంట అమ్ముతున్నాడు, ఇది డబ్బులో లెక్కకట్టే లాభం కాదు. అక్కడి పాత రకాన్ని బెల్దియా అంటారు, తక్కువ నీళ్లతో పండుతుంది, బయట నుంచి తెచ్చిన హైబ్రిడ్లు దిగుబడి ఎక్కువిచ్చి బావులు ఎండగొట్టాయి. మీకూ అదే చెప్తా, పేరున్న రకం కంటే మీ వాతావరణంలో వానలకి ముందే కోతకొచ్చే రకం చూసుకోండి.

ఉద్యోగం మానకండి ఇప్పుడే. మొదటి రెండు సీజన్లు ఒకరే దిగండి, ఇంకొకరి జీతం ఇంటికి రావాలి.

గట్టుమీద_గాలి:
నేను సిటిజన్ కాదు 😐 @వీసా_గోల నువ్వు చెప్పింది మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు, లాయర్‌ని అడిగే దాకా సంతకం పెట్టను. కానీ వాడు ఒక్కడే వేస్తానంటున్నాడు, ఆగడు. లీజు రాసే ముందు వాడు ఏం చూసుకోవాలి?

ముసురు_రాత్రి:
మట్టి టెస్ట్. డబ్బు కట్టే ముందే. ఈ మొక్క మట్టిలోని కాడ్మియం, సీసం లాంటివి బాగా లాక్కుంటుంది, కలుషితమైన నేలల్ని శుభ్రం చెయ్యడానికి దీన్ని వాడి చూశారు కూడా. ల్యాబ్‌లో హెవీ మెటల్స్ ఫెయిలైతే ఎంత బాగా ఆరబెట్టినా అమ్మలేరు. పాత తోట నేల అయితే ఇంకా జాగ్రత్త, ఇదివరకు కొట్టిన మందులు మట్టిలోనే ఉంటాయి.

తర్వాత పక్క పొలాల్లో ఏం వేస్తారు, ఎప్పుడు ఏ మందు కొడతారు, గాలి ఎటు వీస్తుంది. తను ఒక్క చుక్క కొట్టకపోయినా పక్క ద్రాక్షతోట నుంచి కొట్టుకొచ్చిన మందుతో బ్యాచ్ ఫెయిల్ అవ్వొచ్చు, కొన్ని మందులకి అసలు ఉండకూడదు అనే రూల్. బావి నీళ్లు ఈ పంటకి వాడుకునే హక్కు కాగితం మీద ఉందా, పొలం మీద బ్యాంకు లోను ఉందా, ఉంటే ఆ బ్యాంకు ఈ పంటకి ఒప్పుకుందా అన్నది ఓనర్‌తో రాయించుకోమను. లైసెన్స్ రాకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాలని కూడా. ఈ ఒక్క లైన్ రాయడానికి ఓనర్ ఒప్పుకోకపోతే వేరే పొలం చూసుకోమను.