ఎన్‌ఎంఆర్‌లో ఒకే పీక్ వస్తే ఐకోసాహెడ్రన్ అని రాసేయొచ్చా?

(పాదరసం, కుంపటి, గాజుకుప్పె: వాదించుకుంటున్న ముగ్గురి మారుపేర్లు. ఎన్‌ఎంఆర్: అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలిచ్చే సంకేతాలు చూసే పరీక్ష; ఒకేలాంటి చోట్లలో ఉన్న పరమాణువులకు ఒకే పీక్. ఐకోసాహెడ్రన్: 12 మూలలు, 20 త్రిభుజ ముఖాలున్న ఆకారం.)

పాదరసం: మధ్యలో ప్లాటినం, చుట్టూ 12 సీసం పరమాణువులు, రెండు రుణావేశాలు. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఐకార్న్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 2004లో ప్రకటించిన అయాన్ ఇది. పొటాషియం-సీసం మిశ్రమలోహాన్ని ఇథిలీన్ డైఅమీన్‌లో కరిగించి, పొటాషియం అయాన్లను చుట్టి పట్టుకునే క్రిప్టాండ్ వేసి, ప్లాటినం ఫాస్ఫీన్ కాంప్లెక్స్ (ఫాస్ఫరస్ ఉన్న అణువులు అంటుకున్న ప్లాటినం సమ్మేళనం) కలిపితే వస్తుంది. సీసం-207 ఎన్‌ఎంఆర్‌లో ఒకటే పీక్. పన్నెండూ ఒకేలా ఉన్నట్టే కదా? ఇంకా క్రిస్టల్ కావాలని, దాని మీద ఎక్స్-రేలు వేసి పరమాణువుల చోట్లు చూడాలని పట్టుబట్టడం దేనికి?

కుంపటి: ఆగండాగండి. నికెల్ చుట్టూ పది సీసాలున్న అయాన్‌కి ఏమంటారు? పైనొకటి, కిందొకటి, నడుమ ఎనిమిది. రెండు పీకులు రావాలి, వచ్చింది ఒకటే. ద్రావణంలో పరమాణువులు గబగబా చోట్లు మార్చుకుంటుంటే ఎన్‌ఎంఆర్‌కి సగటే కనిపిస్తుంది. తొమ్మిది తగరాల అయాన్‌దీ అదే కథ.

పాదరసం: మరి ప్లాటినం-195 వల్ల అటూ ఇటూ వచ్చే పిల్ల పీకులో?

కుంపటి: ప్లాటినం అంటుకునే ఉందని చెబుతాయి. ఆకారం చెప్పవు.

గాజుకుప్పె: వేడ్ సూత్రం మరిచారు, ఎలక్ట్రాన్ జతలు లెక్కేసి క్లస్టర్ (పరమాణువుల గుంపు) ఆకారం చెప్పేది. ఒక్కో సీసానికి 2, ఆవేశానికి 2. మొత్తం 26 ఎలక్ట్రాన్లు, 13 జతలు. పన్నెండు మూలల మూసిన క్లస్టర్‌కి సరిగ్గా అంతే.

కుంపటి: లెక్క కుదిరింది, సంతోషం. కొలత ఏది?

పాదరసం: మీ క్రిస్టల్ మాత్రం సత్యహరిశ్చంద్రుడా? ఐకోసాహెడ్రన్‌ని 72 డిగ్రీలు తిప్పినా మారని అక్షాలుంటాయి. మామూలు క్రిస్టల్ జాలకంలో ఆ సౌష్ఠవానికి చోటే లేదు. అందుకే అందరూ దూరాలు కొలిచి, ‘దాదాపు’ అని తగిలిస్తారు. ఆ దాదాపు మీకు ఒప్పే, నా ఒక్క పీక్ తప్పా?

కుంపటి: దాదాపైనా పరమాణువుల చోట్లు చూసి అన్నది. అసలు మీకింత కోపమెందుకండీ?

పాదరసం: ఎందుకంటే నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఇలాగే పోయింది. గాలి తగలకుండా పని చేసుకునే గ్లవ్ బాక్స్‌లోకి గాలి చొరబడి క్రిస్టళ్లన్నీ నల్లపొడి అయ్యాయి. ఎగ్జామినర్ నా స్పెక్ట్రా తిప్పి కూడా చూడలేదు.

గాజుకుప్పె: అయ్యో.

కుంపటి: చూడకపోవడం అన్యాయమే. కానీ అధ్యాయం పేరులో ‘ఐకోసాహెడ్రల్’ అని పెట్టారా?

పాదరసం: పెట్టాను. పెట్టకూడదా?

కుంపటి: కొత్త అయాన్ చేశారంటే నమ్ముతాను. ఆ ఒక్క మాట తీసేస్తే నేనైతే సంతకం పెట్టేవాణ్ని.

పాదరసం: ఆ మాట తీసేస్తే ఏ జర్నల్ వేసుకుంటుంది సార్? అందమైన ఆకారం అంటేనే కదా అందరూ తలెత్తి చూసేది!

కుంపటి: తలెత్తి చూస్తారనే రాశారన్నమాట.

గాజుకుప్పె: అది సరే, ఎలక్ట్రోస్ప్రే మాస్ (అయాన్ ద్రవ్యరాశి తేల్చే పరీక్ష) తీశారా లేదా?