కోచ్ పనితనం మ్యాచ్ చూస్తూ ఎలా పట్టుకోవాలి?

పొద్దున్నేఆట:
క్రికెట్‌లో కెప్టెన్ ఫీల్డ్ మారుస్తాడు, బౌలర్‌ని మారుస్తాడు, కళ్లకు కనబడుతుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కోచ్ లైను పక్కన నిలబడి అరుస్తుంటాడు, టైమౌట్‌లో బోర్డు మీద ఏవో గీతలు గీస్తాడు. గెలిస్తే మేధావి, ఓడితే పీకేయండి. అభిమానులు తిట్టే కోచ్‌ని ఆటగాళ్లు నెత్తిన పెట్టుకోవడం, దానికి ఉల్టాగా జరగడం కూడా చూస్తూనే ఉన్నాం. కప్పులు లెక్కపెట్టే పని వద్దు. మామూలు మ్యాచ్ చూస్తూ కోచ్ మంచోడో కాదో తెలియాలంటే ఎటు చూడాలి?

బెంచిబాబాయ్:
బంతి మీంచి కన్ను తీసి బెంచి వైపు చూడండి. కోచ్ చేతిలో ఉన్న అసలు సరుకు నిమిషాలు. మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే పంచడానికి 240. స్టార్టర్లకు, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురికి, తలా 34 ఇస్తే 170 అక్కడే అయిపోయాయి. మిగిలిన 70 నలుగురికి సర్దితే మనిషికి 17, 18. జట్టులో 15 మంది ఉంటే ఆరుగురు ఆ రాత్రి చెమట పట్టకుండానే ఇంటికెళ్తారు. వాళ్లూ కాలేజీ రోజుల్లో అందరికన్నా బాగా ఆడినవాళ్లే. ఆ ఆరుగురి మొహాలు మాడకుండా చూసుకోవడం ఈ ఉద్యోగంలో సగం పని.

అందుకని ముందు గమనించాల్సింది, బెంచి మీంచి మొదట లేచే ఆరో ఆటగాడు ప్రతి మ్యాచ్‌లో దాదాపు అదే టైముకి లేస్తున్నాడా అని. ఒక రాత్రి 22 నిమిషాలు, మర్నాడు 4, ఆ తర్వాత 15 ఇస్తే కుర్రాడికి తప్పు చేస్తే లేపేస్తారన్న భయం పట్టుకుంటుంది. అది టీవీలో తెలిసిపోతుంది. షాట్ తప్పగానే మెడ బెంచి వైపు తిరుగుతుంది, డిఫెన్స్‌కి ఒక అడుగు ఆలస్యంగా పరిగెడతాడు. రెండు మ్యాచ్‌లు పోయాక ఖాళీగా ఉన్నా షాట్ వెయ్యడు, పక్కవాడికి ఇచ్చేస్తాడు. జనం కుర్రాణ్ణి తిడతారు గానీ ఆ పాపం కోచ్‌ది.

ఇంకోటి, ఫౌళ్లు. మొదటి క్వార్టర్‌లో రెండు పడగానే స్టార్‌ని హాఫ్‌టైం దాకా కూర్చోబెట్టేసే కోచ్‌లు బోలెడు మంది. ఆరు పడితే కదా బయటికి పంపేది! ఫౌల్ అవుట్ అయితే నిమిషాలు పోతాయేమో అన్న భయంతో ఆ నిమిషాలేవో ముందే తామే పోగొట్టుకుంటారు.

డాలస్‌బాబు:
బాబాయ్ లెక్క కరెక్టే గానీ, ఎప్పుడూ అదే టైముకి అదే మనిషి అంటే సీజన్ అయ్యాక కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో మునిగిపోతాం. అవతలి కోచ్‌కి ఒకే జట్టుతో ఏడు మ్యాచ్‌ల దాకా టైముంది, నువ్వు ఎవర్ని ఎప్పుడు దించుతావో మొత్తం చదివేస్తాడు. 2011 ఫైనల్స్‌లో మా డాలస్ మీద మయామీ 2-1తో ముందుంది. నాలుగో మ్యాచ్‌కి మా కోచ్ రిక్ కార్లైల్ డిషాన్ స్టీవెన్‌సన్‌ని బెంచికి పంపి, జట్టులోకెల్లా పొట్టివాడు జె.జె. బరేయాని మొదటి ఐదుగురిలో దించాడు. తర్వాత వరసగా మూడూ మావే. స్టీవెన్‌సన్ అలగలేదు, బెంచి మీంచి వచ్చి మూడు పాయింట్ల షాట్లు వేశాడు. కోచ్ విలువ తెలిసేది అక్కడ.

2015లో గోల్డెన్ స్టేట్‌ది కూడా అచ్చం అదే పరిస్థితి. క్లీవ్‌లాండ్ 2-1తో ముందుంది. కోచ్ స్టీవ్ కెర్ ఏడడుగుల సెంటర్ బోగట్‌ని పక్కనపెట్టి అతనికన్నా పొట్టివాడైన ఇగోడాలాతో మొదలుపెట్టాడు. విలేకరులు ముందే అడిగితే మార్పేమీ లేదని అబద్ధం చెప్పి, మ్యాచ్ అయ్యాక ఒప్పేసుకున్నాడు. మొదట్లోనే 7-0 వెనకబడ్డారు, అయినా భయపడి పాత ఐదుగురికి పోలేదు. 103-82తో గెలిచారు. చివరికి 4-2తో కప్పు, ఇగోడాలాకి ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడి అవార్డు.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోండి. ఇగోడాలా అంతకుముందు కెరీర్‌లో ఆడిన 758 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌ల్లోనూ స్టార్టరే. ఆ ఏడాది కెర్ అతన్ని బెంచి మీదికి ఒప్పించాడు. రెండోది, ఫైనల్స్ మార్పు ఆలోచన కెర్‌ది కాదు, నిక్ యూరెన్ అనే సహాయకుడిది. అతనికి అది 2014 ఫైనల్స్ వీడియో చూస్తుంటే తట్టింది. అందులో అప్పటి శాన్ ఆంటోనియో కోచ్ పోపోవిచ్ కూడా సెంటర్ స్ప్లిటర్ బదులు డియావ్‌ని దించాడు. గెలిచాక కెర్ అందరి ముందూ యూరెన్ పేరు చెప్పాడు. కింది ఉద్యోగి మాట విని, పేరు కూడా అతనికే ఇచ్చే బాస్ మన ఆఫీసుల్లో ఎంతమంది ఉన్నారు?

కార్నర్‌త్రీ:
నిమిషాల సంగతి వాళ్లు చెప్పేశారు, నేను టైమౌట్ల దగ్గరికి వస్తా. మ్యాచ్‌కి జట్టుకి ఏడు. నాలుగో క్వార్టర్‌లోకి నాలుగుకి మించి తీసుకుపోలేరు, చివరి మూడు నిమిషాల్లో రెండుకి మించి వాడలేరు. ప్రతి క్వార్టర్‌లో 12 నిమిషాల నుంచి కిందికి లెక్కపెట్టే క్లాక్ 6:59కి దిగాక, మళ్లీ 2:59కి దిగాక ఎవరూ అడక్కపోతే బంతి ఆగగానే టైమౌట్ దానంతటదే పడుతుంది. మొదటిది సొంతూరి జట్టు లెక్కలో పడుతుంది. కాబట్టి 7:20 దగ్గర అవతలివాళ్లు వరసగా ఎనిమిది పాయింట్లు కొట్టారని కంగారుపడి పిలిచే బయటూరి కోచ్‌ని ఒకసారి గుర్తుపెట్టుకోండి. ఇంకాస్త ఓపిక పడితే సరిపోయేది.

మ్యాచ్ ఆఖరి రెండు నిమిషాల్లో టైమౌట్ తీసుకుంటే బంతిని సగం కోర్టు దాటించి అవతలి వైపు నుంచి లోపలికి వెయ్యొచ్చు. 4 సెకన్లుండి, చేతిలో టైమౌట్ లేకపోతే 94 అడుగులూ దాటాలి. రిఫరీ తీర్పుని వీడియోలో మళ్లీ చూడమని అడిగే ఛాలెంజ్‌కీ ఇదే లంకె. టైమౌట్ ఉంటేనే ఛాలెంజ్, ఓడితే రెండూ పోతాయి. మొదటిది నెగ్గితే 2023-24 నుంచి రెండోది ఇస్తున్నారు. మొదటి క్వార్టర్‌లో బంతి ఎవరి చేతికి తగిలి బయటికి పోయిందన్న గొడవకి వాడటం దండగ. స్టార్ మీద పడ్డ ఐదో ఫౌల్‌కి వాడితే అర్థముంది.

ఇక బోర్డు. టైమౌట్‌లో మొదట అసిస్టెంట్లతో విడిగా మాట్లాడతారు, ఆటగాళ్లకి మిగిలేది కాస్తే. ఆ కాస్తలో మూడు సంగతులు చెబితే మూడూ మర్చిపోతారు. తిరిగి వచ్చాక బంతి లోపలికి వేసేవాణ్ణి చూడండి, అతనికి ఐదు సెకన్లే. మొదటి మనిషికి దారి మూసేస్తే కళ్లు వెంటనే రెండో మనిషి మీదికి పోతే అది నేర్పిన జట్టు. బంతి పట్టుకుని దిక్కులు చూసి మళ్లీ టైమౌట్ అడిగితే బోర్డు మీద గీసింది బొమ్మే.

పొద్దున్నేఆట:
బాగుంది. మరి స్టార్లకి విశ్రాంతి ఇచ్చి కూర్చోబెడితే టికెట్టు కొన్నవాడి గతేంటి? ఆటగాళ్లకి నచ్చింది జనానికి మండుతుంది కదా.

బెంచిబాబాయ్:
మండుతుంది, మండాలి కూడా. 2012 నవంబరు 29న పోపోవిచ్ మయామీలో మ్యాచ్ ఉండగా తన ముఖ్య ఆటగాళ్లు డంకన్, పార్కర్, జినోబిలీ, గ్రీన్‌లని ముందే ఇంటికి పంపేశాడు. లీగ్ శాన్ ఆంటోనియోకి 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. మ్యాచ్ 105-100తో పోయింది. టికెట్టు కొన్నవాడి వైపు నుంచి చూస్తే మోసమే, నేను సమర్థించను. కానీ 2013-14లో ఆ జట్టులో ఒక్కరికీ సగటున 30 నిమిషాలు దాటలేదు, అయినా 62 మ్యాచ్‌లు గెలిచి జూన్‌లో ఫైనల్స్‌లో మయామీని 4-1తో పడగొట్టారు. 38 ఏళ్ల డంకన్ జూన్‌లో కూడా పరిగెత్తుతున్నాడంటే ఆ సీజన్ పొడుగునా ఎవరో నిమిషాలు దాచిపెట్టారన్నమాట.

ఖాళీకోర్టు:
అందరూ కోచ్‌లని దేవుళ్లని చేసేస్తున్నారు. డ్వేన్ కేసీ 2017-18లో టొరంటోని 59 మ్యాచ్‌లు గెలిపించాడు. ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్ 4-0తో కొట్టగానే పీకేశారు. ఆ తర్వాత ఆ ఏటి ఉత్తమ కోచ్ అవార్డు అతనికే వచ్చింది! మరుసటి ఏడు స్టార్ ఆటగాడు కవాయ్ లెనార్డ్ వచ్చాడు, కప్పు కొత్త కోచ్ నిక్ నర్స్ ఎత్తాడు. 2015-16లో కెర్ వెన్నునొప్పితో లేనప్పుడు సహాయకుడు లూక్ వాల్టన్ 39 గెలుపులు, 4 ఓటములతో నడిపాడు, రికార్డులో ఆ గెలుపులు కెర్ ఖాతాలోనే ఉన్నాయి. ఆటగాళ్లు లేకుండా బోర్డు ఏం చేస్తుంది?

డాలస్‌బాబు:
ఏమీ చెయ్యదు, ఒప్పుకున్నాం. కానీ ఆ 39-4ని ఇంకోలా చదువు. కోచ్ ఇంట్లో పడుకున్నా జట్టు అలాగే ఆడిందంటే ముందే ఎంత నేర్పి ఉండాలి? నర్స్‌ని కూడా ఉత్త అదృష్టవంతుణ్ణి చెయ్యకు. 2019 ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ షూటర్ క్లే థాంప్సన్ గాయంతో బయటికి పోయాక, నలుగుర్ని జోన్‌లో, అంటే మనిషి వెంట కాకుండా కోర్టులో తలా ఒక చోటు కాసేలా పెట్టి, ఐదోవాణ్ణి వాళ్ల స్టార్ కర్రీ వెంట అంటించాడు. స్కూలు పిల్లల ఆట అని నవ్వారు. ఆ మ్యాచ్ ఓడారు కూడా, కానీ ఆఖరి ఐదు నిమిషాలకి పైగా గోల్డెన్ స్టేట్‌కి వచ్చింది ఒక్క బాస్కెట్టే.