పోషణకు చైనీస్‌లో ఇన్ని మాటలెందుకు? ఫుయాంగ్, షాన్‌యాంగ్ వాడుకపై సందేహం

ప్రశ్న:
చైనీస్‌లో మధ్యస్థాయి పాఠాలు చదువుతున్నాను. కుటుంబానికి సంబంధించిన ఒక పాఠంలో యాంగ్, ఫుయాంగ్, షాన్‌యాంగ్ అనే మాటలు పక్కపక్కనే వచ్చాయి. నిఘంటువేమో అన్నింటికీ పోషించడం, పెంచడం అనే అర్థాలనే ఇస్తోంది. పైగా ఫుయాంగ్ అని పలికే మాటలు రెండున్నాయి. వాటి మొదటి అక్షరాలు రాతలో వేరు, పలుకులో మాత్రం స్వరం, అంటే గొంతు ఎత్తుదింపుల తీరు, ఒక్కటే తేడా. ఎవరి విషయంలో ఏది వాడాలో, యాంగ్‌తో ఏర్పడిన జాతీయాలన్నీ పిల్లల పెంపకం గురించేనా అన్నదీ తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు:
పోషణ ఎవరి నుంచి ఎవరికి అందుతోందో చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. తల్లిదండ్రులు పిల్లలను పోషిస్తే అది మూడవ స్వరంతో పలికే ఫుయాంగ్. అందులోని మొదటి అక్షరానికి నిమరడం, ఊరడించడం అనే అర్థాలున్నాయి. ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులను పోషిస్తే షాన్‌యాంగ్. భార్యాభర్తలు, తోబుట్టువులు ఒకరినొకరు ఆదుకుంటే రెండవ స్వరంతో పలికే ఫుయాంగ్. ఇక్కడి మొదటి అక్షరానికి పడిపోకుండా పట్టుకోవడం అని అర్థం.

2021 జనవరి 1న అమలులోకి వచ్చిన చైనా పౌర స్మృతి ఈ విభజనను జాగ్రత్తగా పాటిస్తుంది. 26వ అధికరణం మైనర్ పిల్లల పట్ల తల్లిదండ్రుల బాధ్యతకు మూడవ స్వరపు ఫుయాంగ్‌ను, తల్లిదండ్రుల పట్ల ఎదిగిన పిల్లల బాధ్యతకు షాన్‌యాంగ్‌ను వాడుతుంది. దంపతుల పరస్పర బాధ్యతను చెప్పే 1059వ అధికరణంలో రెండవ స్వరపు ఫుయాంగ్ కనిపిస్తుంది. బాధ్యత నెరవేర్చని పిల్లల నుంచి, పని చేయలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రులు కోరగలిగే భృతి పేరు షాన్‌యాంగ్ ఫెయ్. విడాకుల తరువాత బిడ్డ తన దగ్గర లేని తల్లి గానీ తండ్రి గానీ చెల్లించేది ఫుయాంగ్ ఫెయ్.

రెండవ జవాబు:
పై వివరణ పౌర స్మృతి వరకు సరైనదే గాని, దానిని అన్ని చోట్లా వర్తించే సూత్రంగా తీసుకోకూడదు. శిక్షా స్మృతి 261వ అధికరణం వృద్ధులను, చిన్నపిల్లలను, రోగులను పోషించే బాధ్యత ఉండి కూడా దారుణంగా వదిలివేసినవారికి ఐదేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చునని చెబుతుంది. అక్కడ ముగ్గురికీ కలిపి రెండవ స్వరపు ఫుయాంగ్‌నే వాడారు. అంటే ఆ మాటకు సంకుచితార్థమూ, విశాలార్థమూ రెండూ ఉన్నాయి.

మూడవ జవాబు:
జాతీయాల విషయానికి వస్తే, వాటిలో చాలావాటికి పిల్లలతో సంబంధం లేదు. యాంగ్ హూ యీ హ్వాన్ అంటే పులిని పెంచి ఆపద తెచ్చుకోవడం. క్రీ.పూ. 203లో అధికారం కోసం తనతో పోరాడుతున్న ష్యాంగ్ యూతో సంధి కుదిరాక వెనుదిరగబోయిన హాన్ నాయకుడు ల్యూ బాంగ్‌కు, శత్రువు అలసిపోయి ఉన్న ఈ సమయంలో వదిలిపెడితే పులిని పెంచినట్లేనని సలహాదారులు హెచ్చరించారని ప్రాచీన చరిత్రకారుడు సీమా చ్యెన్ రాసిన చరిత్ర చెబుతుంది. మన పాముకు పాలు పోయడానికి ఇది దగ్గరిదే, అయితే రాజనీతి వాసన ఎక్కువ.

యాంగ్ అర్ ఫాంగ్ లావ్ మాత్రం నేరుగా కుటుంబానిదే: ముసలితనానికి ఆసరాగా కొడుకును పెంచుకోవడం. ఈ కాలంలో దీనిని విమర్శగా ప్రస్తావించేవారే ఎక్కువగా కనిపిస్తారని నాకనిపిస్తుంది. తిండి పెట్టడమే పోషణ అనుకోవడాన్ని కన్ఫ్యూషియస్ ఏనాడో ప్రశ్నించాడు. కుక్కలకూ గుర్రాలకూ కూడా పోషణ దొరుకుతుంది కదా, గౌరవం లేకపోతే తల్లిదండ్రుల పోషణకు దానికీ తేడా ఏమిటని ఆయన శిష్యుడు జయూతో అన్నాడు. ఆ వాక్యంలోని యాంగ్‌ను సంప్రదాయ వ్యాఖ్యాతలు నాలుగవ స్వరంతో పలకాలంటారు.

యాంగ్ అక్షరమే లేకుండా పెంపకాన్ని చెప్పేవీ ఉన్నాయి. బా మ్యావ్ జూ జాంగ్ ప్రాచీన తత్వవేత్త మెన్షియస్ చెప్పిన కథ నుంచి వచ్చింది: సోంగ్ రాజ్యంలో ఒకడు నారు త్వరగా ఎదగాలని ఒక్కొక్క మొక్కనూ పైకి లాగి, ఇంటికి వచ్చి ఘనకార్యం చేసినట్లు చెప్పుకున్నాడు, కొడుకు పరుగున వెళ్లి చూసేసరికి నారంతా వాడిపోయింది. చదువుల పేరుతో పిల్లలను తొందరపెట్టేవారి గురించి ఈ మాటను తరచుగా వాడతారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మామూలు సంభాషణలో కూడా ఇంత విభజన పాటించాలా? పేయ్‌యాంగ్ అనే మాట వీటిలో ఎక్కడ చేరుతుంది?

మూడవ జవాబు ఇచ్చినవారు:
సంభాషణలో వట్టి యాంగ్ చాలు. పిల్లలకైనా, తల్లిదండ్రులకైనా, కుక్కకైనా, పూలమొక్కకైనా అది సరిపోతుంది. జబ్బుపడినవారు విశ్రాంతి తీసుకుని కోలుకోవడాన్ని కూడా యాంగ్ బింగ్ అంటారు. పేయ్‌యాంగ్‌లో భృతి ప్రసక్తి లేదు. ప్రతిభను, ఆసక్తిని, అలవాటును తీర్చిదిద్దేటప్పుడు దానిని వాడాలి. పెంపుడు జంతువుల గురించి రాసేటప్పుడు మాత్రం ఫుయాంగ్ వాడవద్దు, హాస్యానికి తప్ప అది మనుషులకే చెల్లుతుంది. జంతువులకు స్‌యాంగ్ అనే వేరే మాట ఉంది.