యుద్ధంలో ఇరుక్కున్న ఓడకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఇచ్చేశాక ఆ ఓడ ఎవరిది?

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల మూట్ కోర్టు, అంటే విద్యార్థులు వాదించే నమూనా కోర్టు. సముద్రం లేని ఊళ్లో ఓడల కేసు పడింది!

యుద్ధంలో చిక్కిన విమానాల సంగతి కొంత అర్థమైంది. 1990లో ఇరాక్, కువైట్ ఎయిర్‌వేస్ విమానాలు 10 పట్టుకుపోయి, ఆ సంస్థనే రద్దు చేస్తూ తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని గుర్తించేది లేదని 2002లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు) తేల్చేసింది. ఇరాక్‌లోని మోసుల్‌లో బాంబులకు పోయిన 4 విమానాలకూ, వాటిని తీసుకున్న ఇరాకీ ఎయిర్‌వేస్‌దే బాధ్యతంది. అక్కడ ఎత్తుకుపోయినవాడు కళ్లెదుటే ఉన్నాడు.

ఓడల్లో అలా కాదు. 1967 యుద్ధంతో సూయెజ్ కాలువ మూతపడి, ఆ కాలువ దారిలోనే ఉన్న గ్రేట్ బిట్టర్ లేక్ అనే సరస్సులో 14 ఓడలు 1975 దాకా ఉండిపోయాయి. వాటిని ఎవరూ ఎత్తుకుపోలేదు, కదలనివ్వలేదంతే. అలాంటి ఓడకి ఓనరు పూర్తి నష్టం కింద క్లెయిమ్ తీసుకున్నాడనుకోండి. మన 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం, డబ్బు చెల్లించిన కంపెనీ మిగిలినదాన్ని తీసుకోవచ్చు. తీసుకోవచ్చు అనే ఉంది, తీసుకోవాలని లేదు. నా చిక్కంతా ఇక్కడే. కంపెనీ చప్పుడు చేయకుండా ఊరుకుంటే, ఏళ్ల తర్వాత ఓడ కదిలిన రోజు పాత ఓనరు వచ్చి నాదే అనొచ్చా? 2017 అడ్మిరాల్టీ (ఓడల వివాదాల) చట్టంలో సిబ్బంది జీతాల బాకీ ఓనరు మారినా ఓడనే అంటిపెట్టుకుని ఉంటుందట. మరి ఆ బరువు ఎవరి నెత్తిన?

విశాఖలోనో కాకినాడలోనో షిప్పింగ్, మెరైన్ క్లెయిములు చూసినవాళ్లు ఉంటే చెప్పండి. తీర్పు పేరు ఒక్కటిచ్చినా చాలు, లైబ్రరీలో నేను వెతుక్కుంటాను.