ఫైబ్రోమయాల్జియా నొప్పులకు కరెంటు, కాపడమా? వ్యాయామమా?

సన్నజాజి:
నా వయసు 44. ఒళ్ళు నొప్పులు మొదలై ఆరేళ్ళయింది. మెడ, భుజాలు, నడుము, పిక్కలు, నొప్పి లేని చోటంటూ లేదు. రక్తపరీక్షలన్నీ బాగున్నాయని, మనసు తేలికగా పెట్టుకోమని చెప్పి పంపేవారు. నిరుడు ఒక డాక్టరు దీనికి ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పాకే మా ఇంట్లో వాళ్ళు నా మాట నమ్మారు. తర్వాత ఫిజియోథెరపీకి వెళ్ళాను. పది రోజులు పడుకోబెట్టి కరెంటు పెట్టారు, వేడి కాపడం పెట్టారు. ఆ పూటకు ప్రాణం లేచివచ్చేది. మర్నాడు తీగ మీద బట్టలు ఆరేయడానికి చేతులెత్తితే భుజాల్లో మళ్ళీ అదే మంట. ఇప్పుడు మరో డాక్టరు అవన్నీ ఆపి వ్యాయామం చేయమంటున్నారు. కదిలితే నొప్పి పుట్టే మనిషిని కదలమనడం వైద్యమా? హాయినిచ్చే కాపడాన్ని ఎందుకు మాన్పించాలి? నాకైతే ఇది అన్యాయంగా అనిపిస్తోంది.

నిమ్మచెట్టు:
నేను పన్నెండేళ్ళుగా ఫిజియోథెరపిస్టును. సన్నజాజి గారూ, మీ నొప్పి నూటికి నూరు పాళ్ళూ నిజం. అయితే అది కండరం దెబ్బతిన్నందువల్ల వస్తున్నది కాదు. వెన్నుపాము, మెదడు నొప్పి సంకేతాలను అవసరానికి మించి పెంచి అందుకుంటున్నాయి. అందుకే భుజం మీద పెట్టిన కాపడం భుజం దగ్గరే ఆగిపోతుంది. యూరప్‌లోని కీళ్ళవ్యాధి నిపుణుల సంఘం యూలార్ 2016లో తన సిఫారసులను సవరించినప్పుడు, మందులతో సహా అన్ని చికిత్సలనూ పరిశీలించి, గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామాన్ని ఒక్కదాన్నే. పడుకోబెట్టి కరెంటు పెట్టి పంపేయడం మా వృత్తిలో పాతుకుపోయిన అలవాటు. రోగికి వెంటనే హాయిగా ఉంటుంది, మాకూ సులువు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, దానితోనే కోలుకున్నవారు నాకు ఒక్కరూ కనిపించలేదు.

తుంగభద్ర తీరం:
వ్యాయామం, వ్యాయామం అంటారు. పొద్దున అయిదింటికి లేచి గ్రైండరు గిన్నె ఎత్తి, నీళ్ళ బకెట్లు మోసి, ముగ్గురికి క్యారేజీలు కట్టి, అంట్లు తోమేసరికే నడుము విరిగినంత పనవుతుంది. ఇది వ్యాయామం కాదా? దీని మీద ఇంకో అరగంట నడవమనే డాక్టరుగారు, ఈ పనిలో సగం ఎవరు పంచుకుంటారని మా వాళ్ళను ఒక్కసారైనా అడిగారా?

నిమ్మచెట్టు:
అడగాల్సిన ప్రశ్నే, నేను అడుగుతాను. భర్తనో, అత్తగారినో వెంట రమ్మంటాను కూడా. ఇంటిపని కష్టమే గానీ వ్యాయామం కాదు. ఒకే భంగిమలో గంటసేపు వంగి ఉండటం, ఎక్కడ ఆపాలో మన చేతిలో లేకపోవడం ఒంటిని అలసగొడతాయే తప్ప సత్తువ పెంచవు. వ్యాయామానికి మందులాగే మోతాదు ఉండాలి. నేను కొందరికి మూడు నిమిషాల నడకతోనే మొదలుపెట్టిస్తాను.

వానచినుకు:
ఆ మోతాదు దగ్గరే నేను దెబ్బతిన్నాను. కాస్త బాగున్న రోజున, సంక్రాంతి ముందు, ఇల్లంతా దులిపి కడిగాను. తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు. వ్యాయామంలోనూ అదే జరిగింది. ప్రతి వారం అయిదు నిమిషాలు పెంచాల్సిందేనని పట్టుబట్టారు, మూడో వారానికి పూర్తిగా పడిపోయాను. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ, తీవ్ర అలసట వ్యాధి ఉన్నవారికి లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామం ఇవ్వవద్దని 2021లో చెప్పింది. మనకూ ఆ జాగ్రత్త వర్తించదా?

నిమ్మచెట్టు:
అది వేరే వ్యాధి. ఫైబ్రోమయాల్జియా లాంటి దీర్ఘకాలిక నొప్పులకు అదే నైస్ అదే ఏడాది వ్యాయామాన్ని సూచించింది. కానీ రెండు వ్యాధులూ కలిసి ఉన్నవారు ఉంటారు. శ్రమపడిన మరుసటి రోజో, ఆ పై రోజో కుప్పకూలిపోయేవారికి మీరు చెప్పిన జాగ్రత్త తప్పనిసరి. క్యాలెండరు చూసి పెంచకూడదు, మనిషిని చూసి పెంచాలి. మీ విషయంలో జరిగింది తప్పే. థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు కూడా చేయించండి. వాటి లోపం వల్లా ఇలాంటి నొప్పులే వస్తాయి.

తుంగభద్ర తీరం:
గోరువెచ్చని నీళ్ళలో చేసే వ్యాయామం ఇంకా మంచిదంటారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు దిగగలిగే కొలను ఎక్కడుంది?

నిమ్మచెట్టు:
లేదని దిగులు వద్దు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నీటి వ్యాయామం మీద 2014లో తెచ్చిన సమీక్షలో 881 మంది ఉన్నారు, వారిలో 866 మంది స్త్రీలే. నీళ్ళలో చేసినా నేల మీద చేసినా నొప్పి విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. డాబా చాలు.
సన్నజాజి గారు అడిగిన కరెంటు గురించి ఒక మాట. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వారు ఫైబ్రోమయాల్జియా ఉన్న 301 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. టెన్స్ అనే చిన్న మిషన్‌ను ఒంటికి తగిలించుకుని, పడుకోకుండా, ఇంట్లో పనులు చేసుకుంటూ రోజుకు రెండు గంటలు వాడమన్నారు. నాలుగు వారాలకు కదిలేటప్పటి నొప్పి, అలసట ఉత్తుత్తి మిషన్ వాడినవారి కంటే బాగా తగ్గాయి. అంటే కరెంటు పనికిరానిది కాదు, దాన్ని వాడే పద్ధతే మారాలి. కదలడానికి అది ఊతం కావాలి.

సన్నజాజి:
ఈ ఒక్క ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నేనింత మొండికేసేదాన్ని కాదు. హాయిని లాక్కుంటున్నారనే నా బాధంతా. నిన్న సాయంత్రం ఫోనులో అలారం పెట్టుకుని డాబా మీద నాలుగు నిమిషాలు నడిచాను. ఇంకో రెండు నిమిషాలు నడవగలననిపించినా ఆపేశాను. పొద్దున లేచేటప్పుడు మెడ ఎప్పటిలాగే పట్టేసి ఉంది, కానీ నొప్పి పెరగలేదు. ఈ వారమంతా నాలుగు నిమిషాలే. టెన్స్ మిషన్ సంగతి మా డాక్టరుగారిని అడుగుతాను. తుంగభద్ర గారూ, మీ ప్రశ్న రాత్రి భోజనాల దగ్గర మా వాళ్ళకు చదివి వినిపించాను. ఈ రోజు బట్టలు మా అబ్బాయి ఆరేశాడు.