డ్రౌజీ: టేపిరా, కలలు తినే బాకునా?

నిద్రగన్నేరు:
పోకెమాన్ వీడియో గేముల మొదటి తరంలో 96వ నంబరు జీవి డ్రౌజీ గుర్తుందిగా? పైన పసుపు, కింద గోధుమ రంగు, మూతికి చిన్న తొండం. అందరూ దీన్ని జపాన్ కథల్లోని బాకు అనేస్తున్నారు. నాకైతే ఇది అచ్చం టేపిర్, అదే, పొట్టి తొండం ఉండే నిజం అడవి జంతువు. మలయా టేపిర్ ఫొటో చూడండి. నల్లటి ఒంటి మీద నడుం దగ్గర తెల్ల దుప్పటి కప్పినట్టు ఉంటుంది, రంగు ఎక్కడ మారిందో గీత గీసి చూపించొచ్చు. డ్రౌజీ కూడా అంతే. కథల్లో బాకుకి ఏనుగు తొండం, ఖడ్గమృగం కళ్ళు, ఎద్దు తోక, పులి కాళ్ళు. ఆ జానెడు ముక్కు తప్ప ఇందులో డ్రౌజీకి ఏముంది?

పాతకార్ట్రిడ్జ్:
ముక్కు సంగతి సరే బ్రో, అది చేసే పని చూడు. నిద్రపుచ్చి కలలు తింటుంది. టేపిర్ తినేది ఆకులూ చిగుళ్ళూ. పైగా 2004లో వచ్చిన ఫైర్‌రెడ్ గేములో ఇది బాకు సంతతి అని పోకెడెక్స్‌లోనే (గేములో జీవుల వివరాలుండే పుస్తకం లాంటిది) రాశారు.

నిద్రగన్నేరు:
1996 బొమ్మకి 2004 సాక్ష్యమా? ఎనిమిదేళ్ళ తర్వాత ఏదైనా అతికించొచ్చు.

కంజీకష్టాలు:
జపనీస్‌లో టేపిర్ పేరు కూడా బాకునే. రాసే అక్షరమూ ఒకటే. కాబట్టి అక్కడి పిల్లాడికి మీ గొడవే అర్థం కాదు. ఆ అక్షరం చైనా నుంచి వచ్చింది, అక్కడ 'మో' అంటారు. టాంగ్ కాలపు కవి బై జుయి రోగాలు రాకుండా దాని బొమ్మ తెర మీద గీయించుకున్నాడు. కలలు తినే పని జపాన్‌కి వచ్చాకే దానికి అంటుకుంది. కొత్త సంవత్సరానికి నిధి ఓడ బొమ్మ దిండు కింద పెట్టుకునేవారు, ఓడ తెరచాప మీద ఈ అక్షరం ఉండేది. అక్కడి గుళ్ళలో దూలాల చివర కూడా బాకుని చెక్కుతారు. తెలియకపోతే ఏనుగే అనుకుంటాం.

ఊరిపిల్లోడు:
మన గుళ్ళలో యాళి లాగానా అన్నా?

కంజీకష్టాలు:
చూడ్డానికి కొంచెం అలాగే ఉంటుంది. చుట్టరికం మాత్రం కలపకు తమ్ముడూ, యాళి కలల జోలికి పోదు.

పాతకార్ట్రిడ్జ్:
అసలు విషయం ఎవరూ పట్టుకోలేదు. బాకు తినేది పీడకలల్ని, మనిషికి మేలు చేయడానికి. డ్రౌజీ దానికి రివర్స్. చెడ్డ కలలు తింటే దానికి ఒంట్లో బాగోదని మొదటి గేముల్లోనే ఉంది, 2004 దాకా ఆగక్కర్లేదు. తర్వాత వచ్చిన గేముల్లో పెద్దవాళ్ళ కలలకన్నా పిల్లల కలలే రుచి అన్నారు. ఇది ఎదిగితే వచ్చే హిప్నో అయితే ఒక పిల్లాణ్ణి హిప్నటైజ్ చేసి ఎత్తుకుపోయిందట! కాపలాదారుని తీసుకెళ్ళి దొంగని చేశారు. బాకు కథ తెలియనివాడు దాన్ని ఇలా తిప్పగలడా?

నిద్రగన్నేరు:
సరే, తిండి విషయంలో ఓడిపోయాను. రంగుల విషయంలో తగ్గేది లేదు. ఏనుగు, ఎద్దు, పులి అని అన్నీ కలిపినా ఆ రెండు రంగుల ఒళ్ళు రాదు. అది అడవి నుంచి వచ్చిందే.

ఊరిపిల్లోడు:
పీడకల వస్తే అక్కడి పిల్లలు "బాకు గారూ, నా కల తినేయండి" అని మూడుసార్లు అనేవారట. పొరపాటున డ్రౌజీ వస్తే?

పాతకార్ట్రిడ్జ్:
ఒక్క ముద్దకే కడుపు పట్టుకుని కూలబడుతుంది. మర్నాడు నీకు మంచి కల వస్తే మాత్రం పిలవక్కర్లేదు, అదే వస్తుంది.